మూడేళ్ల పిల్లలకు "జంతువులు ప్రేమ ఎలా చూపిస్తాయి" అన్న పాఠం: ఏ జంతువులు తీసుకోవాలి, ఎలా చెప్పాలి?

గోదారిబడి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అంగన్‌వాడీ కేంద్రంలో రెండున్నర నుంచి నాలుగేళ్ల మధ్య పిల్లలు 18 మంది ఉన్నారు. వచ్చే వారమంతా ఒకే అంశం: జంతువులు తమ పిల్లల్ని ఎలా ముద్దు చేస్తాయి, మన ఇళ్లలో మనం ఎలా చేస్తాం. దొరికిన బొమ్మల పుస్తకాలన్నిటిలోనూ ఒకటే వరస. ధ్రువపు ఎలుగుబంటి ముద్దు పెడుతుంది, సింహం కౌగిలించుకుంటుంది, అన్నీ పళ్లు బయటపెట్టి నవ్వుతుంటాయి. మా పిల్లలు రోజూ చూసేది గేదె, కోడి, పిల్లి, వీధికుక్క, కోతి. వాటి గురించి నిజంగా జరిగేదే చెప్పాలని ఉంది.

మూడు విషయాల్లో సాయం కావాలి. ఈ జంతువులు చేసే పనుల్లో ఏది నిజంగా ఆప్యాయత, ఏది మనం ఊహించుకున్నది? పిల్లలు ఊరికే కూర్చుని వినరు కాబట్టి ఆటగా ఎలా చేయించాలి? ఇక మూడోది అన్నిటికంటే ముఖ్యం. తరగతిలో ఇద్దరు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు, ఒకరి నాన్న కువైట్‌లో ఉంటారు. "అమ్మ ఇలా చేస్తుంది" అని పాఠమంతా చెబితే ఆ పిల్లలకి ఎలా ఉంటుందో అని వెనకాడుతున్నాను.

పశువైద్యం_కడప

మంచి ప్రశ్న వేశారు మేడం. జంతువు మనసులో ఏముందో మనకి కనబడదు, అది చేసే పని కనబడుతుంది. మూడేళ్ల పిల్లలకి కూడా పనే చూపించండి. "ఆవుకి దూడంటే చాలా ప్రేమ" అని ఆపేస్తే వాళ్లకి ఏ బొమ్మా కట్టదు. "ఆవు దూడని నాకుతుంది. దూడ ఒళ్లు ఆరుతుంది. దూడకి వెచ్చగా ఉంటుంది." ఇలా ఎవరు, ఏం చేశారు, పిల్లకి ఏమైంది అన్న మూడు చిన్న వాక్యాలు చాలు. మీ జంతువులన్నిటికీ ఈ పద్ధతే సరిపోతుంది.

ఆవు, గేదె: ఈనిన నిమిషాల్లోనే తల్లి లేచి దూడని నాకడం మొదలుపెడుతుంది. ఒంటి మీది ఉమ్మనీరు, జిగురు పోతాయి. గరుకు నాలుకతో గట్టిగా రాయడం వల్ల దూడకి ఊపిరి, రక్తప్రసరణ పుంజుకుంటాయి. అదే సమయంలో తల్లి దూడ వాసన గుర్తుపెట్టుకుంటుంది. నోరు పెద్దగా తెరవకుండా గొంతులోనే సన్నగా మూలుగుతున్నట్టు పిలుస్తుంది. దూరంగా ఉన్న దూడ కోసం అరిచే "అంబా" వేరు, ఇది వేరు. రెండు శబ్దాలూ పిల్లలకి చేసి చూపించండి, తేడా వెంటనే పట్టేస్తారు. దూడ పొదుగుని తలతో పొడవడం చూసి "అమ్మని కొడుతోంది" అంటారు. అది కొట్టడం కాదు, అలా పొడిస్తే తల్లి చేపుతుంది, అంటే పాలు వదులుతుంది. పెద్ద ఆవులు కూడా ఒకదాని మెడ ఒకటి నాకుతాయి. తన నాలుక తనకి అందని చోటు అది. అలా నాకించుకుంటున్న ఆవు మెడ కిందికి చాచి, కళ్లు సగం మూసి నిలబడుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొత్తగా ఈనిన ఆవు దగ్గరికి, గేదె దగ్గరికి పిల్లల్ని చూపించడానికి తీసుకెళ్లకండి. ఎంత సాధువైనదైనా ఆ నాలుగైదు రోజులు కుమ్మే అవకాశం ఎక్కువ. పది అడుగుల దూరంలో, మధ్యలో కంచె ఉంటేనే.

కోడి: పొదిగేది 21 రోజులు. చివరి రోజున పిల్లలు గుడ్డు లోపలి నుంచే కిచకిచలాడతాయి, పెట్ట దానికి బదులు పలుకుతుంది. పిల్లలు అబ్బురపడి వినే విషయం ఇది, తప్పకుండా చెప్పండి. పిల్లలకోడి గింజ దొరికితే ముక్కుతో ఎత్తి, కింద పడేసి, మళ్లీ ఎత్తి, "కొక్ కొక్ కొక్" అని వేగంగా పిలుస్తుంది. తాను తినకుండా పిల్లలకి చూపించడం అది. రెక్కల కింద పెట్టుకోవడానికి కారణం వెచ్చదనం. కొత్తగా పుట్టిన కోడిపిల్ల నూగు దాని ఒంటి వేడిని నిలపలేదు. ఫారాల్లో మొదటి వారం దీపాల కింద 35 డిగ్రీల సెల్సియస్ ఉంచేది అందుకే. పెరట్లో ఆ పని తల్లి రెక్క చేస్తుంది.

పిల్లి: కళ్లు తెరవని కూనలు తల్లి పొట్ట మీద ముందరి కాళ్లతో మార్చి మార్చి నొక్కుతాయి, పాలు రావడానికి. పెద్దయ్యాక మన ఒడిలో కూర్చుని అదే పని చేస్తాయి. బుగ్గని మన కాలికి రుద్దితే తన వాసన మనకి అంటిస్తోందన్నమాట. పిల్లి దూరంగా కూర్చుని ఉంటే కళ్లు సన్నగా చేసి నెమ్మదిగా మూసి తెరవండి. చాలా పిల్లులు తిరిగి అలాగే చేస్తాయి, దగ్గరికి రావడానికి కూడా ఎక్కువ మొగ్గు చూపుతాయి. 2020లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని పరీక్షించి ప్రచురించారు. ముట్టుకోకుండా పిల్లితో స్నేహం చేసే పద్ధతి కాబట్టి మీ తరగతికి చాలా పనికొస్తుంది. గుర్రుగుర్రు మాత్రం ఎప్పుడూ సంతోషానికే కాదు, నొప్పిలో ఉన్న పిల్లి కూడా గుర్రుమంటుంది.

కోతి: "పేలు చూసుకుంటున్నాయి" అంటాం కదా, ఆ పనే వాటి ముద్దు. పేలతో పాటు ఎండిన చర్మపు పొట్టు, చెత్త ఏరేస్తాయి. అంతకంటే ముఖ్యం, ఎవరు ఎవరికి చేస్తున్నారన్నది వాటి మధ్య బంధుత్వాన్ని, స్నేహాన్ని నిలబెడుతుంది. కోతిపిల్ల తల్లి పొట్టని తానే గట్టిగా కరుచుకుంటుంది, పిల్లికూనని తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. పెద్దలు మర్కటకిశోర న్యాయం, మార్జాలకిశోర న్యాయం అని చెప్పేది ఈ తేడానే. పిల్లలకి ఆ పేర్లు అక్కర్లేదు కానీ "ఎవరు ఎవరిని పట్టుకున్నారు?" అని రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి అడగండి.

పళ్లు బయటపెట్టి నవ్వే బొమ్మల గురించి మీ అనుమానం నిజమే. కోతి పళ్లు చూపిస్తే అది నవ్వు కాదు, భయమో బెదిరింపో. తిరుమల, యాదగిరిగుట్ట లాంటి చోట్ల పిల్లలు కోతుల వైపు పళ్లికిలించి కళ్లలో కళ్లు పెట్టి చూస్తే అవి మీదికొస్తాయి. నవ్వే కోతి బొమ్మ ఉంటే పక్కన పెట్టేయండి.

చిట్టిచేతులు

పూర్వ ప్రాథమిక టీచర్లకి శిక్షణ ఇచ్చే పని నాది. డాక్టరు గారు చెప్పినవి బంగారం లాంటి వివరాలు, కానీ అన్నీ ఒక్క వారంలో పెట్టకండి. రోజుకి ఒక జంతువు, ఒక పని, ఒక శబ్దం. ఈ వయసులో కూర్చోబెట్టి చెప్పే భాగం 5 నిమిషాలు దాటకూడదు, ఆటతో కలిపి మొత్తం 15 నిమిషాలు. 18 మందిని ఒకేసారి కాకుండా ఆరుగురు చొప్పున మూడు జట్లు చేయండి. మిగతా వాళ్లు ఆయమ్మ దగ్గర బంకమట్టితోనో బ్లాకులతోనో ఉంటారు.

బొమ్మలు: కార్టూన్ వద్దు, ఫొటో కావాలి. ఎ4 కాగితం నిండా తల్లి, పిల్ల మాత్రమే ఉండాలి. వెనక చెట్లు, మనుషులు, ట్రాక్టర్ ఉంటే వాళ్లు ట్రాక్టర్ గురించే మాట్లాడతారు. ముందు బొమ్మ చూపించకుండా శబ్దం చేయండి, ఎవరో కనుక్కోనివ్వండి, తర్వాత బొమ్మ తిప్పండి. ప్రశ్న అడిగాక మనసులో ఏడు అంకెలు లెక్కపెట్టే దాకా ఆగండి. మనం తొందరపడి జవాబు చెప్పేయడం వల్లే చాలామంది పిల్లలు నోరు విప్పరు.

ఆవు రోజు: "నాకడం" అని చెబితే ఒకరినొకరు నిజంగానే నాకుతారు, ఆ మాట ముందే అనుకోండి. అందుకే నాలుక పని తడిగుడ్డకి ఇవ్వండి. ఒక్కొక్కరికి ఒక గుడ్డబొమ్మ దూడ, పిడికెడంత తడిపి పిండిన పాత తువ్వాలు ముక్క. తల, వీపు, పొట్ట, కాళ్లు వరసగా తుడవాలి. తర్వాత పొడిగుడ్డతో ఒత్తాలి. ఒంటి భాగాల పేర్లు కూడా వచ్చేస్తాయి. గుడ్డబొమ్మలు లేకపోతే పాత సాక్సులో దూది కూరి మూతి కట్టేస్తే దూడే. కళ్లకి గుండీలు అతికించవద్దు, కుట్టినా ఊడొస్తాయి. దారంతో గుండ్రంగా కుట్టు వేయండి, లేదా స్కెచ్ పెన్‌తో గీయండి. 4 సెంటీమీటర్ల కంటే సన్నగా ఉండి నోట్లో పట్టే వస్తువు ఏదైనా ఈ వయసుకి గొంతులో అడ్డం పడే వస్తువే.

కోడి రోజు: ఇదే వారంలో అందరికీ నచ్చే రోజు అవుతుంది, కాస్త ఎక్కువ సమయం ఉంచండి. గద్ద, కోడిపిల్లల ఆట మనందరికీ తెలిసిందే, కానీ ఒకరి నడుం ఒకరు పట్టుకుని పరుగెత్తడం ఐదారేళ్లు వచ్చాక. మూడేళ్ల వాళ్లు ఒకరి మీద ఒకరు పడిపోతారు. దాన్ని ఇలా మార్చండి. పాత నూలు చీరని నాలుగు మడతలు వేస్తే దుప్పటంత అవుతుంది. ఇద్దరు పెద్దవాళ్లు రెండు చివర్లు పట్టుకుని పిల్లల తల తగలనంత ఎత్తులో, అంటే సుమారు 1.2 మీటర్ల ఎత్తున పరచాలి. ఐదారుగురు పిల్లలు చుట్టూ గింజలు ఏరుతున్నట్టు తిరుగుతారు. మీరు "కొక్ కొక్ కొక్" అంటే మీ చేతి దగ్గరికి రావాలి. "గద్ద!" అంటే చీర కిందికి నడిచి వెళ్లి కూర్చోవాలి. అప్పుడు చీరని నెమ్మదిగా వాళ్ల భుజాల దాకా దించండి, ముఖాల మీదికి కాదు. ఐదు అంకెలు లెక్కపెట్టి ఎత్తేయండి.

చెడేది ఎక్కడంటే: ఒకటి, గద్దగా ఎవరినైనా నిలబెడితే కొందరు నిజంగా భయపడి ఏడుస్తారు. గద్ద మాటలోనే ఉండాలి, మనిషిగా వద్దు. రెండు, చీర నేల దాకా జారితే లోపల చీకటి, తోపులాట. పక్కలు తెరిచే ఉంచాలి. మూడు, కిందికి రావడం ఇష్టం లేని పిల్ల ఉంటుంది. తనకి పెట్టకోడి పని ఇవ్వండి, చీర అంచు పట్టుకోమనండి.

పిల్లి రోజు: కళ్లు నెమ్మదిగా మూసి తెరవడం ఎదురెదురుగా కూర్చుని చేయించండి. గది ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది కాబట్టి అన్నం ముందు చేస్తే బాగుంటుంది. తల్లిపిల్లి కూనని నోటితో పట్టుకోవడం మాత్రం ఈ వయసు జట్టుకి చూపించకండి. రెండున్నరేళ్ల వాళ్లు కొరికే వయసులోనే ఉంటారు, దాన్ని అనుకరిస్తారు. డాక్టరు గారు చెప్పిన ఆ రెండు బొమ్మల ప్రశ్న నాలుగేళ్లు దాటిన వాళ్లకి ఉంచుకోండి.

ఏనుగుని కూడా చేర్చమంటాను, మన చుట్టూ లేకపోయినా గుళ్లో, ఊరేగింపుల్లో చూసి ఉంటారు. చేయే తొండం. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మోచేయి దగ్గర చేతులు మెలేసుకుంటే ఏనుగుల పలకరింపు. తలలు రుద్దుకునే ఆట పెట్టకండి, ఢీకొని పెదవి చిట్లుతుంది.

చెరువుగట్టు

నాన్నల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నా. పుస్తకాలన్నీ తల్లి చుట్టూనే తిరుగుతాయి గానీ మన ఇండ్ల చూరు కిందనే ఉన్న పావురాన్ని చూడండి. రెండు గుడ్లు పెడుతుంది, సుమారు 18 రోజులు పొదగాలి. పగలు ఎక్కువ సేపు మగది కూర్చుంటుంది, సాయంత్రం నుంచి పొద్దున దాకా ఆడది. పిల్లలు పుట్టినాక రెండింటి గొంతు సంచిలోనూ పెరుగు లాంటి పాలు ఊరుతాయి. తల్లీ పాలిస్తుంది, తండ్రీ పాలిస్తాడు. మూడేళ్ల పిల్లకి "నాన్న పావురం కూడా పాలు పడుతుంది" అని చెప్పి చూడండి, మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకుంటరు.

ఇంకొకటి కొర్రమీను. తెలంగాణ రాష్ట్ర చేప అదే. వానాకాలం చెరువు అంచున ఎర్రటి చుక్కల గుంపు నీళ్ల పైన ఆడుతుంటే అవి కొర్రమీను పిల్లలు. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు దగ్గర చెయ్యి పెడితే పెద్ద చేప ఎగిరి పడుతుంది. చేప ముద్దు పెట్టదు, హత్తుకోదు. కాపలా కాయడమే దాని పని. కువైట్‌లో నాన్న ఉన్న పిల్లకి ఈ మాట దగ్గరగా ఉంటుంది అనిపిస్తుంది: పక్కన కనబడకపోయినా చూసుకునేవాళ్లు ఉంటారు. చెరువు దగ్గరికి మాత్రం ఈ వయసు పిల్లల్ని తీసుకపోవద్దు, ఫొటో చాలు.

గోదారిబడి

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ దండాలు. చీర ఆట తప్పకుండా పెడతాను. ఇంకో రెండు అడగాలి. కేంద్రం గుమ్మంలో ఒక వీధికుక్క పడుకుంటుంది, పిల్లలు దాన్ని హత్తుకోబోతుంటారు. "కుక్క కూడా ప్రేమిస్తుంది" అని పాఠంలో చెబితే ఇంకా ఎక్కువ చేస్తారేమో? ఇక ఇంటి సంగతి, అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లల సంగతి ఎవరైనా చెప్పండి.

పశువైద్యం_కడప

కుక్క పాఠాన్ని వదిలేయకండి మేడం, గుమ్మంలోనే ఉంది కదా. కుక్కలకి కౌగిలింత అనేది లేదు. మెడ చుట్టూ చేతులు వేస్తే దాన్ని పట్టి బంధించినట్టు అనుకుంటుంది. కొన్ని ఓర్చుకుంటాయి, ఓర్చుకోవడాన్ని మనం ఇష్టం అనుకుంటాం. చిన్నపిల్లల ముఖం, కుక్క నోరు ఒకే ఎత్తున ఉంటాయి కాబట్టి కాటు ముఖానికీ మెడకీ పడుతుంది, అందుకే ఇది పెద్దవాళ్ల కాటు కంటే ప్రమాదం.

మొరగడం, గుర్రుమనడం చివర్లో వస్తాయి. అంతకు ముందే కుక్క "వద్దు" అని చెబుతుంది: మూతి పక్కకి తిప్పుకుంటుంది, నిద్ర రాకుండానే ఆవులిస్తుంది, ఏమీ తినకుండానే పెదాలు నాకుకుంటుంది, చెవులు వెనక్కి పెడుతుంది, కళ్ల తెల్లగుడ్డు వంకరగా కనబడుతుంది, ఒళ్లు కర్రలా బిగుసుకుంటుంది. ఈ గుర్తులు మూడేళ్ల పిల్లలు చదవలేరు. మీరు, ఆయమ్మ నేర్చుకోవాలి. పిల్లలకి ఒకే నియమం చాలు: "కుక్కకి చేత్తో టాటా చెబుదాం, ముట్టుకోవద్దు." పడుకున్నప్పుడు, తింటున్నప్పుడు, కూనలతో ఉన్నప్పుడు అసలు దగ్గరికే వెళ్లకూడదు. కుక్క ఎదురొస్తే పరుగెత్తకుండా చెట్టులా నిలబడి, చేతులు కట్టుకుని, తమ కాళ్ల వైపు చూడాలి. ఆ "చెట్టు" ఆట రోజూ ఒక నిమిషం ఆడించండి. వినడం వేరు, ఒంటికి అలవాటవడం వేరు.

ప్రేమ గురించి చెప్పాలంటే కూనలతో చెప్పండి. కూన తల్లి మూతి నాకుతుంది. అడవి కుక్కల్లో, తోడేళ్లలో అలా నాకితే తల్లి తాను తిన్నది కక్కి పిల్లకి పెడుతుంది, "అమ్మా ఆకలి" అన్నమాట. పెంపుడు కుక్క మన మూతి నాకబోయేది ఆ పాత అలవాటే.

ఇది కూడా గోడ మీద అంటించుకోండి. కుక్క, పిల్లి, కోతి కరిచినా, గోరు గీసి చర్మం లేచినా, చిట్లిన చర్మం మీద నాకినా: ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు, కట్టు బిగించకూడదు. అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి రేబీస్ టీకా మొదలుపెట్టించాలి. గాయం లోతుగా ఉన్నా, నెత్తురు వచ్చినా, చిట్లిన చర్మం మీద నాకినా టీకాతో పాటు ఇమ్యూనోగ్లోబులిన్ (టీకా పనిచేసే లోపు కాపాడే ఇంజెక్షన్) కూడా కావాలి, ఆ మాట అడగండి. చిన్న గాయమే కదా అని ఆగడం వల్లే ప్రాణాలు పోతున్నాయి.

కోడిపిల్లల్ని తరగతికి తెచ్చి పట్టుకోనివ్వడం కూడా వద్దు. ఆరోగ్యంగా కనబడే కోడిపిల్లల మీద కూడా సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు, ఐదేళ్ల లోపు వాళ్లకి విరేచనాలు తీవ్రమవుతాయి. బుట్టలో పెట్టి చూపించండి. చూశాక అందరికీ సబ్బుతో చేతులు కడిగించండి.

పిల్లల_డాక్టరమ్మ

ఇంటి సంగతికి వస్తాను. అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లల కోసం పాఠాన్ని దాచక్కర్లేదు, జంతువుల్లోనే జవాబు ఉంది. కొండముచ్చుకి పిల్ల పుట్టగానే మందలోని పిన్నులు, అక్కలు వరసగా ఎత్తుకుంటారు. నల్లటి పిల్ల ఒక ఒడి నుంచి ఇంకో ఒడికి తిరుగుతూనే ఉంటుంది. ఏనుగు గున్న కిందపడితే తల్లే కాదు, పిన్ని కూడా తొండం అందిస్తుంది. ఆ రెండు ఫొటోలు పెట్టి "పిల్లని ఎవరెవరు చూసుకుంటున్నారు?" అని అడగండి. జవాబు ఎప్పుడూ బహువచనంలో వస్తుంది.

ఇంటి గురించి అడిగేటప్పుడు మనిషితో మొదలుపెట్టకండి, పనితో మొదలుపెట్టండి. "అమ్మ నిన్ను ఎలా ముద్దు చేస్తుంది?" అనకుండా "నీకు అన్నం ముద్దలు ఎవరు కలిపి పెడతారు? రాత్రి దుప్పటి ఎవరు కప్పుతారు? తల ఎవరు దువ్వుతారు? జ్వరం వస్తే నుదుటి మీద చేయి ఎవరు పెడతారు?" అనండి. ఏ పిల్లకైనా ఎవరో ఒకరి పేరు ఉంటుంది. మన ఇళ్లలో "నువ్వంటే ఇష్టం" అని నోటితో చెప్పేవాళ్లు తక్కువ. ముద్ద కలిపి, నలుగు పెట్టి, దిష్టి తీసి, సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టి చూపిస్తారు. ఆ పనులకి పేరు పెడితేనే పిల్లలకి ఇది ప్రేమ అని అర్థమవుతుంది. కువైట్‌లో ఉన్న నాన్నది వీడియో కాల్. రోజూ ఒకే వేళకి ఐదు నిమిషాలు మాట్లాడటం ఆదివారం గంటసేపు మాట్లాడటం కంటే ఈ వయసుకి మేలు. ఫోన్‌లో "ఏం తిన్నావు" అని అడగడం కంటే ఒకే పని ఇద్దరూ చేయడం బాగా పనిచేస్తుంది, ఇద్దరూ చెవి పట్టుకోవడం, కళ్లు మూసి తెరవడం లాంటివి. మీ పిల్లి ఆట అక్కడ కూడా పనికొస్తుంది.

ఇప్పుడు నాకు పట్టింపు ఉన్న విషయం. "తాతయ్యకి ముద్దు పెట్టు, లేకపోతే తాతయ్య ఏడుస్తాడు" అని ఒత్తిడి చేయడం ఆపాలి. పిల్లకి తన ఒంటి మీద తనకి మాట ఉందని తెలిసేది ఇక్కడే. నమస్కారం పెట్టడం, చేయి ఊపడం, చేతిలో చేయి కొట్టడం, ఊరికే నవ్వడం. నాలుగు దారులు చెప్పి ఎంచుకోనివ్వండి. తాతయ్యలు నొచ్చుకుంటారనేది నిజమే. పిల్ల ముందు కాకుండా విడిగా చెప్పండి: "ఇవాళ నమస్కారం పెట్టింది, అలవాటైతే తనే ఒళ్లో ఎక్కుతుంది." సాధారణంగా ఎక్కుతుంది కూడా. బుగ్గలు గిల్లడం, నొప్పి పుట్టేలా నొక్కడం ఆప్యాయత కాదని పెద్దవాళ్లకి చెప్పాలి.

చక్కిలిగింతల గురించి కూడా. చక్కిలిగింత పెడితే వచ్చే నవ్వు ఆపుకోలేనిది, ఇష్టం లేకపోయినా వస్తుంది. మూడు అంకెల పాటు పెట్టి చేతులు తీసేయండి. పిల్ల మీ చేయి లాక్కుని "ఇంకా" అంటే మళ్లీ. ముడుచుకుంటే అంతటితో ఆపాలి. "వద్దు అంటే ఆగుతారు" అని ఇంట్లో నేర్చుకున్న పిల్లే బయట "వద్దు" అనగలదు. చడ్డీ కప్పే చోటు ఎవరూ ముట్టుకోకూడదు, స్నానం చేయించేవాళ్లూ డాక్టరూ తప్ప, అదీ తనకి చెప్పి. ముట్టుకోవడం గురించి రహస్యాలు ఉండవు. ఈ వయసుకి ఈ రెండు వాక్యాలు చాలు. మీకు అనుమానం వస్తే పిల్లని గుచ్చి గుచ్చి అడగకుండా 1098కి ఫోన్ చేయండి.

తరగతిలో ఎవరింట్లోనైనా కొత్త పాప పుట్టి ఉంటే ఇది తల్లిదండ్రులకి చెప్పండి. అన్న, అక్క పాపని మరీ గట్టిగా హత్తుకోవడం అసూయ అనుకుని కసురుతారు. చాలాసార్లు అది చేతుల బలాన్ని సరిచూసుకోలేకపోవడం. చేతులు కడిగించి, గోడకి ఆనించి నేల మీద కూర్చోబెట్టి, ఒళ్లో తలగడ పెట్టండి. పాప తల మోచేతి వంపులో, పెద్దవాళ్ల చేయి కింద ఆసరాగా ఉండాలి. మొదట పాదాలు ముట్టుకోనివ్వండి. మాడు మీద నొక్కకూడదు. పాప ముఖం మీద, చేతుల మీద ముద్దులు వద్దు, చేతులు నోట్లోకే వెళ్తాయి. జలుబు, దగ్గు, పెదవి మీద పొక్కు ఉన్నవాళ్లు, పెద్దవాళ్లైనా సరే, తగ్గేదాకా దూరంగా ఉండాలి. ఒక నిమిషం చాలు, విసుగు రాకముందే పాపని తీసుకోండి.

హత్తుకోవడమే ఇష్టం లేని పిల్లలూ ఉంటారు. మెల్లగా నిమిరితే చికాకుపడి, భుజాల మీద గట్టిగా చేతులు వేస్తే నెమ్మదించేవాళ్లు ఉన్నారు. ఏ స్పర్శా భరించలేని వాళ్లు ఉన్నారు. అలాంటి పిల్ల పక్కన అడుగు దూరంలో కూర్చుని అదే బొమ్మతో ఆడటమే దగ్గరితనం. దానితో పాటు పిలిస్తే పలకకపోవడం, వేలుతో చూపించకపోవడం, మాటలు ఆలస్యం కావడం కూడా ఉంటే పిల్లల వైద్యులకి చూపించమని చెప్పండి.

గోదారిబడి

కొండముచ్చు ఫొటో ఇప్పుడే ప్రింట్ తీయించాను, డాక్టరమ్మ గారూ. పనితో మొదలుపెట్టి అడగడం అనేది నాకు తట్టనే లేదు. ఆఖరి ప్రశ్న: కిందటేడు ఒక పిల్లవాడు "తాబేలుకి అమ్మ ఉండదా?" అన్నాడు. మళ్లీ అడిగితే?

చెరువుగట్టు

నిజం చెప్పండి. మన కోస్తాలో విశాఖ, శ్రీకాకుళం, నెల్లూరు తీరాల్లో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేలు రాత్రిపూట ఒడ్డుకొచ్చి, వెనక కాళ్లతో కుండ ఆకారంలో గొయ్యి తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుకతో మూసి, పైన ఒంటితో అదిమి, గొయ్యి ఆనవాలు లేకుండా చెరిపేసి సముద్రంలోకి పోతుంది. ఆ గుడ్ల దగ్గరికి మళ్లీ రాదు. 45 నుంచి 60 రోజులకి పిల్లలు వాటంతట అవే బయటికొస్తాయి. పిల్లకి ఇట్ల చెప్పండి: "అమ్మ తాబేలు మంచి గొయ్యి తవ్వింది. గుడ్లు దాచింది. ఇసుక వెచ్చగా ఉంది. పిల్లలకి పుట్టగానే ఈదడం వచ్చు." అమ్మ ఎక్కడో వెతుక్కుంటోంది, ఒకరోజు కలుసుకుంటారు అని కల్పించి చెప్పవద్దు, రేపు దాని మీదే పది ప్రశ్నలు వస్తాయి.

పశువైద్యం_కడప

అవును. పాము, కప్ప, తాబేలు గురించి అడిగితే "అవి వేరే పద్ధతి" అనండి, నిర్దయ అనకండి. తేలు పిల్లలు తల్లిని తినేస్తాయని ఎవరైనా పెద్దవాళ్లు పక్క నుంచి అంటే దిద్దండి. అది నిజం కాదు. తల్లి తేలు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని మొదటిసారి చర్మం విడిచే దాకా మోస్తుంది, తర్వాత అవి దిగిపోతాయి. తాబేలు బొమ్మ మాత్రం సోమవారం పెట్టకండి మేడం. ఆవు, కోడి, కొండముచ్చు అయ్యాక శుక్రవారం పెడితే అప్పటికి "ఏం చేసింది, పిల్లకి ఏమైంది" అని అడగడం వాళ్లకే అలవాటై ఉంటుంది.